మిగిలిపోయిన తమిళం పేపరు

కేశవప్ప డిగ్రీలో అన్ని పేపర్లూ పాసయ్యాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి తమిళం. చరిత్ర, రాజనీతి, ఇంగ్లీషు అన్నీ గట్టెక్కినవాడు రెండో ఏడు తమిళం పేపరు దగ్గర ఆగిపోయి, ఇరవై ఏళ్ళు దాటినా అక్కడే ఉండిపోయాడు.

ఊరు ఉద్దనపల్లి. బడి చదువంతా తెలుగు మీడియంలోనే సాగింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బస్సులో తమిళం. ఆ ప్రాంతంలో అందరిలాగే మూడూ గడగడా మాట్లాడతాడు. రాయడం వచ్చింది మాత్రం తెలుగే. కృష్ణగిరిలో బి.ఏ. చరిత్రలో చేరిన ఏడు, మొదటి భాషగా తెలుగు కావాలన్నవాళ్ళు ఇద్దరే తేలారు. ఒకడు తను, రెండోవాడు వేపనపల్లి నుంచి వచ్చిన నంజప్ప. ఇద్దరి కోసం క్లాసు నడపడం కుదరదన్నారు. ఇద్దరూ వెళ్ళి తమిళం క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నారు.

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ప, బ లకూ ఒకటే. తెలుగు రాసిన చెయ్యి ఊరుకోదు, చెవికి వినిపించిన ప్రతిదానికీ ఒక గుర్తు వెతుకుతుంది. మొదటి ఏడాది పేపర్లు ఎలాగో గట్టెక్కాయి. రెండో ఏడు పాత పద్యాలు, వ్యాకరణం ఉన్న పేపరు మాత్రం కొరుకుడు పడలేదు. రాసిన ప్రతిసారీ పోయింది. చివరికి హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికి, గేర్లు కోసే మిషను ముందు నిలబడ్డాక, ఆ పేపరు సంగతి ఎవరూ అడగలేదు. అతనూ ఎత్తలేదు.

పెళ్ళి ఊత్తంగరై పిల్లతో జరిగింది. పేరు సుగంధి. ఒకే కులం అయినా, వాళ్ళ ఇంట్లో తాతల నాడే తెలుగు పోయి తమిళం వచ్చేసింది. పెళ్ళి పత్రికలో కేశవప్ప పేరు పక్కన బి.ఏ. అని అచ్చు వేశారు. మధ్యవర్తి చెప్పిన మాట అది. పెళ్ళైన కొత్తలోనే కేశవప్ప నిజం చెప్పేశాడు. సుగంధి పడీపడీ నవ్వింది.

"తమిళమా? మా ఊర్లో మేకలు కాసే పిల్లోళ్ళు కూడా పాస్ అయినారు కదండీ!" అంది, తనకు అప్పటికింకా సరిగా పట్టుబడని తెలుగులో. ఆ తరవాత ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆమె ప్లస్ టూ చదివింది. తమిళం ఆమెకు ప్రాణం. హోసూరులో వాళ్ళుండే వీధిలో తెలుగు, కన్నడం మాట్లాడే ఇళ్ళే ఎక్కువ. ఆ పిల్లలకు బడిలో తమిళం అర్థం కాక ఏడుస్తుంటే సుగంధి సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండా వరండా చాలనంతమంది చేరారు. గొంతు పెద్దది. ఆమె పాఠం చెబుతుంటే వీధి చివరి చక్రాల బండివాడికి కూడా వినిపించేదని పక్కింటి అంగాళమ్మ అనేది. కూతురు మంజు ఆ వరండాలోనే పెరిగి, హోసూరులోనే బి.కాం. రెండో ఏటికి వచ్చింది.

ఒక వానాకాలం సాయంత్రం సుగంధి ఫోను పట్టుకుని, తమిళంలో ఏమండీ అని పిలుస్తూ వచ్చింది.

"ఏంగ, ఈడ చూడండి. పాత అరియర్ ఉండే వాళ్ళకంతా యూనివర్సిటీ వాళ్ళు ఇంకోసారి పరీక్ష పెడతారంట. ఇదే కడసారి అంట."

అరియర్ అంటే పాసు కాకుండా మిగిలిపోయిన పేపరు. కేశవప్ప ఫోను వైపు చూడను కూడా చూడలేదు. "నాకిప్పుడు ఏమిటికి సుగంధీ? డిగ్రీ వచ్చినా నేను నిలబడేది ఆ మిషన్ ముందరే కదా."

"మిషన్ మాట నేను ఎత్తినానా? ఉండేది ఒక్క పేపరు. ముగించేది కదా."

"నాకి రాదే."

"నేను చెప్తాను. ఈ వీధిలో పిల్లోళ్ళకంతా చెప్పినాను, మీకి చెప్పలేనా?"

అలా మొదలైంది. మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, అన్నం తిని, ట్యూషను పిల్లలు రాకముందే ఆమె ముందు కూర్చునేవాడు. భార్య అని ఆమె ఏమీ కనికరించేది కాదు. ఒక పద్యం చదివితే రెండో మాట దగ్గరే ఆపేది. "కాదు. ఇంకోసారి." మళ్ళీ చదివితే మళ్ళీ "కాదు. ఇంకోసారి." తమిళం పేరులోనే ఉన్న ఆ అక్షరం, నాలుక వెనక్కి మడిచి పలకాల్సింది, అతని నోట ఎప్పుడూ మామూలు ళకారమే అయ్యేది. ఆమె అతని గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, లోపల నాలుక ఎక్కడుందో చూసి నవ్వేది. ఒక్కోసారి పిల్లలు ముందే వచ్చేసి గోడ పక్కన నిలబడి, ఈ పెద్దాయనకు పడే అక్షింతలు చూసి మూతులు మూసుకునేవాళ్ళు. కేశవప్పకు సిగ్గనిపించేది. బాగుందనీ అనిపించేది. మిషను ముందు నిలబడి కూడా వ్యాకరణ సూత్రాలు పెదవుల మీద ఆడించేవాడు. ఈసారి అవుతుందేమోనన్న నమ్మకం మెల్లమెల్లగా కుదిరింది.

జనవరిలో హోసూరు చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒక తెల్లవారుజామున కేశవప్ప షిఫ్టుకు చొక్కా వేసుకుంటుంటే వాకిట్లోంచి అంగాళమ్మ కేక వినిపించింది.

"కేశవప్పా, బిరీన రా! సుగంధి పడిపోయింది!"

వేస్తూ వేస్తూ ఉన్న ముగ్గు మీదే ఆమె పక్కకు ఒరిగిపోయి ఉంది. చెంపకు పిండి అంటుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏదో చెప్పబోతోంది, నోరు ఒక పక్కకే లాక్కుపోతోంది.

హోసూరు ఆసుపత్రిలో చూసి కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపారు. ప్రాణానికి భయం లేదని తేలాక ఒక చిన్న వయసు డాక్టరు కేశవప్పను పక్కకు పిలిచి తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. మెదడులో ఎడమ పక్క రక్తం ఆగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు దెబ్బతిన్నాయి. మాట ఉండే చోటు కూడా అదే.

"మనం చెప్పేది ఆమెకి అర్థం అవుతుందా సార్?" అని అడిగాడు కేశవప్ప.

"కొంత అవుతుంది. ఎంత అని ఇప్పుడే చెప్పలేను," అన్నాడు డాక్టరు.

ఇంటికి తీసుకొచ్చేసరికి సుగంధికి ఒకే ఒక్క మాట మిగిలింది. "సరి." ఆకలైనా సరి. నొప్పైనా సరి. మంజు తల దువ్వుతుంటే సరి, అంగాళమ్మ వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సరి. అది తెలుగో తమిళమో కూడా చెప్పలేని మాట. దాన్ని ఆమె ఒక్కోసారి ఒక్కో రాగంతో అనేది. ఆ రాగాన్నిబట్టి అర్థం పట్టుకోవాలని తండ్రీ కూతురూ తంటాలు పడేవాళ్ళు. ఒక్కోసారి తను చెప్పేది వీళ్ళకు అందడం లేదని ఆమెకే తెలిసి, ఎడమ చేత్తో మంచం అంచును గట్టిగా కొట్టి, మొహం తిప్పుకునేది.

ట్యూషను ఆగిపోయింది. కొన్నాళ్ళు పిల్లలు వాకిట దాకా వచ్చి తొంగిచూసి పోయారు. తరవాత అదీ లేదు.

పరీక్ష మే నెలలో అని తేదీ వచ్చింది. కేశవప్ప పట్టించుకోలేదు. మంజే గుర్తు చేసింది.

"నువ్వు రాయాల నాయనా. అమ్మ అంత కష్టపడి చెప్పింది కదా."

"ఇప్పుడు అదొక్కటే తక్కువా? మిషన్ చూసుకోవాల, ఈమెను చూసుకోవాల. నీకి కూడా పరీక్షలు ఉండాయి."

"రాయలేదంటే రేపు అమ్మకి ఏమి చెప్తావు?"

"చెప్తే ఆమెకి అర్థం అయితే కదా!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో అతనికే తెలియలేదు. సుగంధి రెండడుగుల దూరంలో మంచం మీద ఉంది. మంజు తల్లి వైపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ముగ్గురిలో ఎవరూ అన్నం సరిగా తినలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, అన్నం తినిపించి మూతి తుడుస్తుంటే, సుగంధి ఎడమ చెయ్యి చాచి గూటి వైపు చూపించింది. గూట్లో నీళ్ళ చెంబు ఉంది, మందులు ఉన్నాయి, పాఠాల పుస్తకమూ ఉంది. నీళ్ళు ఇచ్చాడు. తల తిప్పుకుంది. మందుల డబ్బీ చూపించాడు. ఎడమ చేత్తో తోసేసింది. పుస్తకం తీశాడు. "సరి," అంది. నిజంగా దాన్నే అడిగిందో, విసుగెత్తి అన్నదో అతనికి తెలియలేదు. తెలియకపోయినా పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచి రోజూ చదివాడు. ఆమె దిండుకు ఆనుకుని అతని మొహం వైపే చూస్తూ ఉండేది. ఒక పద్యం ముగించి తలెత్తితే "సరి" అనేది. మొదట్లో అది అతనికి పెద్ద ధైర్యమిచ్చింది. తను బాగా చదువుతున్నాననుకున్నాడు. ఆమె వింటోందని, లోపల ఎక్కడో ఆ పాత టీచరు కూర్చునే ఉందని మంజుతో కూడా చెప్పాడు.

తరవాత ఒక రోజు అనుమానం వచ్చింది. ఒక మాట తప్పు పలికానని తనకే తెలిసింది, అయినా ఆమె "సరి" అంది. ఆ పూట ఊరుకున్నాడు. మరునాడు కావాలనే తప్పు చదివాడు. అక్షరాలు మార్చాడు. ఒక పాదం మింగేశాడు. చివరికి పద్యం మధ్యలో మిషను భాగాల పేర్లు కూడా చేర్చి, ఏమీ ఎరగనట్టు ఆమె వైపు చూశాడు. మునుపైతే పుస్తకం లాక్కుని నెత్తి మీద కొట్టేది.

"సరి," అంది సుగంధి. కళ్ళలో అదే నెమ్మది.

కేశవప్ప పుస్తకం మూసి లేచి, పెరటి కొళాయి దగ్గరికి పోయి, నీళ్ళు ధారగా వదిలి మొహం కింద పెట్టాడు. చాలాసేపటికి మంజు వచ్చి కొళాయి కట్టేసింది. "ఏమైంది నాయనా?" అని అడిగింది. ఏమీ లేదన్నాడు. ఆ తరవాత కూడా చదవడం మానలేదు. ఆమె "సరి" వినడానికి తలెత్తడం మాత్రం మానేశాడు.

పరీక్ష రోజు మంజు తల్లి దగ్గర ఉంది. కేశవప్ప పొద్దున్నే కృష్ణగిరి బస్సెక్కాడు. శూళగిరి దాటాక మామిడికాయల లారీలు వరసగా అడ్డం వచ్చి బస్సు నెమ్మదిగా నడిచింది. అతను కళ్ళు మూసుకుని సూత్రాలు నెమరేసుకున్నాడు. ఒకటి గుర్తొస్తే ఒకటి జారిపోయింది.

పరీక్ష గది అంతా నడివయసు వాళ్ళే. జుట్టుకు రంగు వేసుకున్న వాళ్ళు, కళ్ళద్దాలు మరిచిపోయి పక్కవాళ్ళవి అడిగేవాళ్ళు, పోలీసు బట్టల్లోనే వచ్చిన ఒకామె. పిల్లల కోసం చేసిన బల్లల్లో మోకాళ్ళు పట్టక అందరూ పక్కకు తిరిగి కూర్చున్నారు. కాగితాలు పంచే అమ్మాయికి మంజు కంటే నాలుగేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. వీళ్ళను ఏమని పిలవాలో తెలియక "సార్, అందరూ కూర్చోండి సార్" అంటోంది.

కేశవప్ప ఇంకా గది బయటే ఉండగా ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు కేశవప్ప కదా?"

పొట్ట వచ్చింది, జుట్టు నెరిసింది. అయినా పోల్చుకున్నాడు. "నంజప్పా! నువ్వు కూడా ఇంకా ముగించలేదా?"

"యాడ ముగిస్తాను? మనిద్దరినీ ఒకే తాడుతో కట్టినారు కదప్పా ఆ పొద్దు," అని నవ్వాడు నంజప్ప. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడట. "ఇంట్లో ఎవురికీ చెప్పలేదు. సీజన్ కదా, లోడు ఉండాది అని చెప్పి వచ్చేసినాను. పోతే పోయినట్టే, ఎవురికీ తెలీదు. నీ ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగుండారు," అన్నాడు కేశవప్ప. హాల్ టికెట్ చేతిలోకి తీసుకుని గదిలోకి నడిచాడు.

ప్రశ్నపత్రం చూస్తే మరీ కొత్తగా ఏమీ లేదు. మొదటి ప్రశ్నలు తిన్నగానే సాగాయి. వ్యాకరణం దగ్గర రెండు పదాలు కలిసేటప్పుడు మధ్యలో ఏ అక్షరం వస్తుందో రాయాలి. ఒకటి రాశాడు.

*కాదు. ఇంకోసారి.*

అతను ఉలిక్కిపడ్డాడు. అది సుగంధి గొంతు. ఎవరో పిలిచినట్టు కాదు, ఎప్పుడో విన్నది గుర్తొచ్చినట్టు మాత్రమే. కానీ ఆ గొంతు పూర్తిగా, నిండుగా, వీధి చివరిదాకా వినిపించే గొంతు. జనవరి తరవాత ఆ గొంతు అతని తలలో కూడా మోగలేదు. తలుచుకుందామని ప్రయత్నించినప్పుడల్లా ఆ ఒక్క "సరి" మాత్రమే వచ్చి అడ్డం నిలబడేది. రాసినది కొట్టేసి మళ్ళీ రాశాడు. తరవాతి దాని దగ్గర ఆమె మళ్ళీ పలికింది. *నాలుక యాడ పెట్టినారు మీరు? నోరు తెరవండి, చూస్తాను.* ఆ వెంటనే ఆ నవ్వు.

అతను కలం కింద పెట్టాడు. కదిలితే అది పోతుందేమోనని భయం వేసింది. తలొంచుకుని అలాగే కూర్చుని విన్నాడు. పాఠాలే కాదు, కూరగాయల వాడితో ఆమె ఆడిన బేరాలు, మంజును నిద్ర లేపే కేకలు, ఊత్తంగరై నుంచి తల్లి ఫోను చేస్తే మాట్లాడే ఆ వేగం, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. చుట్టూ కాగితాలు తిప్పుతున్న చప్పుడు దూరంగా ఎక్కడో ఉన్నట్టుంది.

"సార్, టైం అవుతోంది," అంది ఆ అమ్మాయి పక్కన నిలబడి. "ఒంట్లో బాలేదా సార్?"

అతను తల అడ్డంగా ఊపి కలం తీసుకున్నాడు. చివర పెద్ద ప్రశ్న మిగిలే ఉంది, ఒక పద్యానికి వివరణ. ఆ పద్యం అతనికి వచ్చు. దాని పేరు రాసి ఒక వాక్యం మొదలుపెట్టేసరికి గంట కొట్టారు.

బయట నంజప్ప ఎదురు చూస్తున్నాడు. టీ తాగుదాం రమ్మన్నాడు. బస్సు పోతుందని చెప్పి, ఫోను నంబరు మాత్రం ఇచ్చి కేశవప్ప వచ్చేశాడు. బస్సులో ఆ గొంతును మళ్ళీ పిలుద్దామని చూశాడు. రాలేదు.

ఫలితాలు వానలు మొదలయ్యాక వచ్చాయి. ముందు ఫోను చేసింది నంజప్ప. "నాది అయిపోయిందప్పా! మా ఇంట్లో చెప్తే ఎవురూ నమ్మలేదు. నీది చూసినావా?"

"చూసినాను. నాది పోయింది."

"ఎంతలో పోయింది?"

"కొంచెంలోనే. ఒక ప్రశ్న విడిచిపెట్టినాను."

"తెలీకనా?"

"టైం చాల్లేదు," అన్నాడు కేశవప్ప.

మంజుకు కూడా అదే చెప్పాడు. ఆ పిల్ల తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. మళ్ళీ అవకాశం ఇస్తారేమోనని ఫోనులో వెతుకుతూ కూర్చుంది. ఇక ఇవ్వరని ఇద్దరికీ తెలుసు. ఆ చివరి ప్రశ్న రాసి ఉంటే పాసయ్యేవాణ్ణేనని కేశవప్పకు తెలుసు. రాయకుండా కూర్చున్నందుకు బాధపడాలని కూడా అనుకున్నాడు. బాధ మాత్రం రాలేదు. ఆ గదిలో ఇంకా కాసేపు కూర్చోనిచ్చి ఉంటే బాగుండేదని అనిపించింది. అది ఎవరితోనూ అనలేదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పించే ఒకామెకు చూపించమన్నారు. వారానికి ఒకసారి సుగంధిని కృష్ణగిరి తీసుకుపోతాడు. మొదటి రోజే ఆ మాటలు నేర్పించే ఆమె అడిగింది, "ఈమె ఇంట్లో ఏ భాష మాట్లాడేది?"

"మాతో తెలుగు. ఆమె భాష తమిళం," అన్నాడు కేశవప్ప.

"అయితే తమిళంతోనే మొదలుపెడదాం. చిన్నప్పటి భాష ముందు తిరిగొస్తుందేమో చూద్దాం. ఇక్కడ నేను చేయించేది కొంచెమే. రోజూ ఇంట్లో మీరు చేయించాలి. మీకు తమిళం బాగా వచ్చు కదా?"

కేశవప్ప నేల వైపు చూశాడు. "వచ్చు మేడమ్," అన్నాడు.

బొమ్మలున్న అట్టలు ఇచ్చారు. నీళ్ళు, అన్నం, కుర్చీ, ఆవు. మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, అన్నం తినిపించి, వరండాలో కుర్చీ వేసి ఆమెను కూర్చోబెడతాడు. ఎదురుగా తను కూర్చుని ఒక్కో అట్ట ఎత్తి చూపిస్తాడు. తను పలికేది తప్పయితే ఆమె కూడా తప్పే నేర్చుకుంటుందని భయపడి, అంతకుముందు మంజు దగ్గర ప్రతి మాటా పలికించి సరిచూసుకుంటాడు. నీళ్ళ బొమ్మ చూపించి "తణ్ణి" అంటాడు. సుగంధి పెదవులు కదుపుతుంది. నాలుక పళ్ళకు తగులుతుంది, ఆగుతుంది. కొన్ని రోజులు "త" వస్తుంది. కొన్ని రోజులు అదీ రాదు.

నిన్న చాలాసేపు ప్రయత్నించింది. నుదుట చెమట పట్టింది. చివరికి ఎడమ చేత్తో అట్టను నేలకు కొట్టి గోడ వైపు తిరిగిపోయింది. కేశవప్ప వంగి అట్ట ఏరి, దుమ్ము తుడిచి, మిగతావాటితో కలిపి గూట్లో పెట్టాడు. ఆమె భుజం మీద జారిన కొంగు సర్దాడు. వీధిలో బడి వదిలిన పిల్లలు అరుస్తూ పోతున్నారు. వాళ్ళు పోయేదాకా పక్కన కూర్చుని, తరవాత లేచి ఆమెను లోపలికి నడిపించుకుపోయాడు.